హృదయలేఖనము తీయు విద్య

గుండె కండరము ముడుచుకొనుటకు ముందు దానిలో స్వల్పమైన విద్యుత్తు వ్యాపించును. చర్మము మీద దాని బలము సుమారు ఒక మిల్లీవోల్టు. ఆ కొద్దిపాటి విద్యుత్తును కాగితముపై గీతగా దింపుటయే విద్యుత్ హృల్లేఖనము. ఆసుపత్రిలో అందరును ఇ.సి.జి. అందురు.

హాలండు శాస్త్రజ్ఞుడు ఐంథోవెన్ తన పరికరముతో దీనిని కొలిచిన దినములలో రోగి చేతులను, ఎడమకాలిని ఉప్పునీటి తొట్లలో ఉంచవలసి వచ్చెడిది. 1924లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. నేటి యంత్రము చేతిసంచిలో పట్టును. అంకెలను కూడ తానే అచ్చువేయును. ఇక సాంకేతికుడు నేర్వవలసినదేమున్నదని విద్యార్థి అడుగవచ్చును.

కాళ్ళకు, చేతులకు నాలుగు, రొమ్ముపై ఆరు, మొత్తము 10 ఎలక్ట్రోడులు. వీనినుండి గుండెను 12 వైపులనుండి చూచినట్లు 12 గీతలు వచ్చును. రొమ్ముపై మొదటి రెండింటిని నాలుగవ ప్రక్కటెముక క్రింది సందులో, రొమ్ముటెముకకు కుడియెడమల ఉంచవలెను. ఆ సందును వేలితో తడిమి లెక్కించుట పుస్తకము చదివినంత మాత్రమున రాదు, చేయి తిరుగవలెను. ఒక సందు పైకి జరిగినచో లేని గుండెపోటు ఎన్నడో వచ్చిపోయినట్లు కనబడవచ్చును. రెండు చేతుల తీగలు తారుమారైనచో మొదటి గీత తలక్రిందులగును. రోగి వణికినను, చర్మమునకు నూనె, చెమట ఉన్నను, ప్రక్కనున్న కరెంటు తీగల 50 హెర్ట్జుల అలజడి సోకినను గీత చెడును. చెడినది గుండెయా, గీతయా అని తేల్చుకొనుటయే ఈ విద్యలో ముఖ్యభాగమని నా అభిప్రాయము.

కాగితము సెకనుకు 25 మిల్లీమీటర్లు నడచును. కనుక ఒక పెద్దగడి 0.2 సెకను. రెండు స్పందనల నడుమ నాలుగు గడులున్నచో 300ను 4తో భాగింపగా నిమిషమునకు 75. కోరుకొండలో నరసింహస్వామి కొండమెట్లు ఎక్కినవానికి ఆ దూరము రెండున్నర గడులకు తగ్గినచో 120. ఈ లెక్క తరగతిలో చేయించదగినది.

మన రాష్ట్రములో ఇంటర్మీడియేటు తరువాత పారామెడికల్ డిప్లొమాగా ఈ విద్యను అభ్యసింపవచ్చును. ఛాతీనొప్పితో వచ్చినవానికి పది నిమిషములలో ఇ.సి.జి. తీయవలెనని వైద్యనియమము. పల్లెలో తీసిన చిత్రమును నేడు ఫోనులో పట్టణమందలి నిపుణునికి పంపుదురు. ఆయన చూచునది ఆ గీతలనే, రోగిని కాదు. రోగనిర్ణయము సాంకేతికుని పని కాదు. కాని ప్రమాదసూచకమైన గీత కాగితముపైకి రాగానే గుర్తించి, మిగిలినది పూర్తియగువరకు ఆగక, వైద్యుని పిలువగలిగి ఉండవలెను.