రొయ్య కన్ను, పండుగప్ప ఈడు, తాబేలు గుడ్డు

రొయ్య ఎప్పుడు గుడ్లు పెట్టాలో చెప్పేది దాని కన్ను! కళ్లు నిలబడి ఉండే ఆ చిన్న కాడల్లో ఒక గ్రంథి ఉంది. గుడ్లు ఎదగకుండా పట్టి ఉంచే హార్మోను అక్కడిదే. కంటికాడ తీసేస్తే ఆడరొయ్య గుడ్లు తొందరగా ముదురుతాయని 1943లో ఫ్రెంచి శాస్త్రవేత్త పనూజ్ చూపించాడు. తర్వాత ప్రపంచమంతటా హేచరీలు ఆ దారే పట్టాయి. తల్లిరొయ్యకు ఒక కంటికాడ కోసి, రెండోది ఉంచుతారు. కొద్దిరోజులకే వీపు కింద అండాశయం నిండుతుంది. నెల్లూరు తీరంలో చెరువులకు చేరే సీడ్ (రొయ్యపిల్లల) కథ చాలావరకు ఈ కోతతోనే మొదలవుతుంది. కన్ను కోయకుండా, మంచి మేతతోనే గుడ్లు పెట్టించే హేచరీలు ఇప్పుడు కొన్ని దేశాల్లో ఉన్నాయి. మనవాళ్లూ అటు నడవాలి. ఆ తల్లికీ నొప్పి ఉండొచ్చు.

కుబుసం విడవకుండా ఆపే హార్మోను, రక్తంలో చక్కెరను పెంచే హార్మోను కూడా ఆ కాడలోవే. మొదటిది తగ్గగానే తలభాగంలోని మరో గ్రంథి పని అందుకుంటుంది. రొయ్య పాత గుల్ల వదిలేసి, నీళ్లు పీల్చుకుని ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ రోజుల్లో రైతులు చెరువులో మినరల్స్ చల్లేది కొత్త గుల్ల గట్టిపడటానికే.

2009లో మన దేశంలో వనామీ రొయ్యకు అనుమతి రాకముందు ఇక్కడ స్కాంపీ రొయ్యను కూడా బాగా పెంచారు. దాని మగవాటి తీరే వేరు. ఒకే ఈడువైనా కొన్ని నీలి కాళ్లతో భారీగా ఎదుగుతాయి, కొన్ని నారింజ రంగు కాళ్ల దశలోనే ఆగుతాయి, కొన్ని పొట్టిగా మిగిలిపోతాయి. నీలికాళ్ల పెద్దదాన్ని పట్టేస్తే, నారింజ కాళ్లది ఎదిగి ఆ చోటుకొస్తుంది. ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు ఇంకో అడుగు వేశారు. మగతనాన్నిచ్చే, ఇన్సులిన్‌ను పోలిన హార్మోను ఒకటుంది. దాని జన్యువు నోరు నొక్కితే చిన్న మగరొయ్య ఆడదై గుడ్లు పెట్టింది. దాని పిల్లలన్నీ మగవే! స్కాంపీలో మగదే పెద్దగా పెరుగుతుంది కాబట్టి రైతుకు అది లాభం.

పులికాట్ సరస్సులో దొరికే పండుగప్పది ఇంతకంటే వింత. ముందు మగచేపగా ఈడుకొచ్చి, కొన్నేళ్లకు ఆడదవుతుంది. మగ హార్మోను తగ్గి ఈస్ట్రోజెన్ పెరిగితే వృషణమే అండాశయంగా మారుతుంది. అందుకే బాగా పెద్దవి దాదాపు అన్నీ ఆడవే. వాటినే ఏరి పట్టేస్తే గుడ్లు పెట్టేవెక్కడివి?

పులికాట్ ఫ్లెమింగోలకు పిల్లల్ని పెంచే కాలంలో ఆడా మగా ఇద్దరికీ గొంతులో ఎర్రటి పాలు ఊరతాయి. ఆ పని ప్రొలాక్టిన్‌ది. మన తల్లులకు పాలు పడేదీ దానివల్లే.

ఆలివ్ రిడ్లే తాబేలుకైతే ఆడా మగా తేల్చే క్రోమోజోములే లేవు. ఇసుక వేడి తేలుస్తుంది. సుమారు 30 డిగ్రీలు దాటితే ఆడపిల్లలు ఎక్కువ, తగ్గితే మగపిల్లలు ఎక్కువ. పొదిగే కాలంలో నడిమి రోజుల వేడే లెక్క. ఎండలు ముదిరే కొద్దీ మగవి కరువయ్యే ప్రమాదముంది. గుడ్లను తెచ్చి పాతిపెట్టే సంరక్షణ కేంద్రాల్లో గుంటలపైన నీడ ఎంత వేస్తారన్నది అందుకే చిన్న విషయం కాదు.