మన చేతిలో ఉన్నది, దేవుని చేతిలో ఉన్నది



ఆసుపత్రికి వచ్చిన ప్రతి ఒక్కరి మనసులోనూ ఒక ప్రశ్న ఉంటుంది: "నాకు ఏమవుతుంది?" స్కానింగు రిపోర్టు కోసం ఎదురుచూసే రోజుల్లో, ఆపరేషన్ థియేటరు బయట బెంచీ మీద కూర్చున్న గంటల్లో ఆ ప్రశ్న మనల్ని నిద్రపోనివ్వదు. ఇంట్లో మన మాట చెల్లుతుంది. ఇక్కడికి వచ్చాక ఎప్పుడు తినాలో, ఎప్పుడు లేవాలో కూడా నర్సమ్మే చెబుతుంది. అప్పుడు పాస్టరుగారు వచ్చి, "అంతా ప్రభువుకు అప్పగించండి" అంటారు. మంచి మాటే. కానీ అప్పగించడం అంటే ఏమి చేయాలి?

మా వార్డులలో రెండు రకాల ఇబ్బందులు చూస్తుంటాము. కొందరు దేన్నీ వదలలేరు. ఒక డాక్టరు చెప్పింది నమ్మక మరొకరి దగ్గరికి, అక్కడి నుండి ఇంకొకరి దగ్గరికి తిరుగుతారు. జబ్బు సంగతి రోగికి తెలియకుండా దాచి, తామే ఆ బరువంతా మోస్తూ కుంగిపోతారు. మరికొందరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. "ప్రభువు మీద భారం వేశాను" అని చెప్పి టీబీ మాత్రలు, ఇన్సులిన్ మానేస్తారు. కొన్ని వారాల తరువాత పరిస్థితి విషమించాక తిరిగి వస్తారు. మొదటిదాన్ని అందరూ ఆందోళన అని గుర్తుపడతారు. రెండోది విశ్వాసంలాగా కనబడుతుంది కాబట్టి ఇంట్లోవాళ్ళు కూడా కాదనలేరు. అందుకే దాని గురించి ముందుగా చెప్పాలనుకుంటున్నాము.

హిజ్కియా పుండు మీద అంజూరపు ముద్ద

రెండవ రాజుల గ్రంథం 20వ అధ్యాయం తీసి చదవండి. హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో మంచం పట్టాడు. గోడ వైపు ముఖం తిప్పుకొని కన్నీళ్ళతో ప్రార్థించాడు. దేవుడు ఆ ప్రార్థన విని మరో 15 సంవత్సరాల ఆయుష్షు ఇచ్చాడు. అంతటితో ఆ సంగతి ముగియలేదు. యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెమ్మన్నాడు. దాన్ని పుండు మీద వేశారు, రాజు బాగుపడ్డాడు. స్వస్థపరుస్తానని దేవుడు మాట ఇచ్చిన తరువాత కూడా మందు వేశారు. మందు వేయడం అవిశ్వాసమని ప్రవక్త అనుకోలేదు. పౌలుతో కలిసి ప్రయాణం చేసిన లూకా కూడా వైద్యుడే.

కాబట్టి మాత్ర వేసుకునే చెయ్యి, ప్రార్థనకు జోడించే చెయ్యి ఒకటే. మాత్ర మనం వేసుకోవాలి. దాని ఫలితం దేవుని చేతిలో ఉంది.

అడిగినది దొరకనప్పుడు

అందరికీ 15 సంవత్సరాలు దొరకవు. ఈ మాట దాచి విశ్వాసం గురించి రాస్తే అది నిజాయితీ కాదు. పౌలు తన శరీరంలోని ముల్లు తొలగించమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, దాన్ని భరించడానికి చాలినంత కృప దొరికింది. గెత్సేమనే తోటలో మన ప్రభువు కూడా ఆ గిన్నె తన నుండి తొలగిపోవాలని అడిగారు. తన మనసులో ఉన్నది దాచుకోకుండా తండ్రికి చెప్పి, ఆ తరువాతే తండ్రి చిత్తానికి లోబడ్డారు. బాధ లేనట్టు నటించనక్కరలేదు. ఏడ్చి, అడిగి, ఆ పైన అప్పగించవచ్చు.

మన తెలుగువారు ఎంతోమంది వైద్యానికి వెళ్ళే వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రిలో డాక్టర్ మేరీ వర్గీస్ అనే యువ వైద్యురాలు ఉండేవారు. 1954లో జరిగిన కారు ప్రమాదంలో ఆమె వెన్నుపాముకు దెబ్బ తగిలి రెండు కాళ్ళూ చచ్చుబడిపోయాయి. కాళ్ళు తిరిగి రాలేదు. కానీ చేతులు పనిచేస్తున్నాయి. కుష్ఠు రోగుల వంకరపోయిన చేతులకు చేసే శస్త్రచికిత్స కూర్చుని కూడా చేయవచ్చని డాక్టర్ పాల్ బ్రాండ్ ఆమెను ప్రోత్సహించారు. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే ఆ ఆపరేషన్లు చేశారు. తరువాత న్యూయార్క్‌లో పునరావాస వైద్యంలో శిక్షణ పొంది వచ్చి, వేలూరులో ఆ విభాగాన్ని నడిపించారు. 1972లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది. పోయిన కాళ్ళను దేవునికి అప్పగించి, మిగిలిన చేతులతో ఆమె పని చేశారు. అప్పగించడం అంటే ఏమిటో ఆమె జీవితంలో కనబడుతుంది.

మన వంతు ఏమిటి?

1. టీబీ మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకే దగ్గు, జ్వరం తగ్గవచ్చు. జబ్బు నయమైందని అనుకోకండి. మామూలు టీబీకి కనీసం 6 నెలలు మందులు వాడాలి. మధ్యలో మానేస్తే అవే మందులు తరువాత పనిచేయకుండా పోవచ్చు. ప్రభుత్వం ఈ మందులను ఉచితంగా ఇస్తోంది.

2. షుగరు ఉన్నవారు ఉపవాస ప్రార్థనకు ముందు డాక్టరును అడగండి. మాత్ర వేసుకొనిగాని, ఇన్సులిన్ తీసుకొనిగాని తినకుండా ఉంటే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. అలాగని మీ అంతట మీరే మందు మానకండి. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం కనిపిస్తే వెంటనే 3 టీ చెంచాల చక్కెర నీళ్ళలో కలుపుకొని తాగి, ఉపవాసం విరమించండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురండి. ఉపవాసం ఉండలేనివారు ఆ సమయాన్ని వాక్యానికి, రోగుల పరామర్శకు ఇవ్వవచ్చు.

3. ప్రార్థించినా రెండు వారాలకు పైగా నిద్ర లేకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా, అది మీ విశ్వాసంలో లోపమని అనుకోకండి. అది కుంగుబాటు అనే జబ్బు కావచ్చు. దానికి చికిత్స ఉంది. డాక్టరుతో చెప్పండి. టెలి మానస్ నంబరు 14416కు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. బ్రతకాలని లేదన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగకండి.

4. పడుకునే ముందు కాగితం మీద రెండు వరుసలు రాయండి. ఒకదానిలో రేపు మీరు చేయగలిగినవి: మాత్ర, నడక, డాక్టరును అడగవలసిన ప్రశ్న. రెండోదానిలో మీ వల్ల కానివి: రిపోర్టులో ఏముందో, పిల్లల రేపటి సంగతి. రెండో వరుసను ఒక్కొక్కటిగా చదివి ప్రభువుకు చెప్పి కాగితం మడిచేయండి. మరునాడు మళ్ళీ అదే భయం వస్తుంది. మళ్ళీ అప్పగించండి. ఇది ఒక్కసారితో అయిపోయే పని కాదు, మాత్రలాగే ప్రతిరోజూ చేయవలసినది.

ఈ రోజు మంచం మీద ఉన్న ప్రతి ఒక్కరి కోసం, ఆ మంచం పక్కన కూర్చున్నవారి కోసం మేము ప్రార్థిస్తున్నాము. ప్రభువా, మా చేతనైన పని మానకుండా చేయడానికి బలమివ్వండి. మా చేతకానిది మీ చేతిలో పెట్టి నిద్రపోయే మనసునివ్వండి. ఆమేన్.