సందుగలో దాగిన చందమామలు

అమెరికా దేశమున 1939లో పది సెంట్లకు అమ్మబడిన సూపర్‌మాన్ కామిక్ పుస్తకపు తొలి సంచిక యొకటి, కాలిఫోర్నియాలోని ఒక యింటి అటకమీద పాత వార్తాపత్రికల క్రింద పడియుండి, గతించిన తల్లి వస్తువులను సర్దుచున్న ముగ్గురు అన్నదమ్ముల కంటబడి, 2025 నవంబరు నాటి వేలములో తొంబది లక్షల డాలర్లకు పైగా పలికినది. ఆ కథ పునర్ముద్రణలో స్వల్పమూల్యమునకే లభించుచున్నది గనుక, ఈ వెల కథకు గాక ప్రతికి వచ్చినదని గ్రహింపవలెను. ఆనాటి బాలురు దానిని చదివి, మడచి, చేతులు మార్చి చింపివేసిరి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున కాగితము సేకరించువారికి కట్టలుగా ఇచ్చివేసిరి. యుద్ధానంతరము, ఇట్టి పుస్తకములు పసివారి బుద్ధిని చెరచునను కలవరము చెలరేగి, కొన్ని యూళ్ళలో బహిరంగముగా తగులబెట్టిరి. ఇంటింట ఉండియు ఏ యింటను నిలువకపోవుటయే దాని దుర్లభతకు మూలము.

మనకును అట్టి పుస్తకమొకటి కలదు. తెలంగాణమున రుద్రంగిలో గాని, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లల పాతయిండ్లలో గాని సందుగ తెరచువారు వెదకదగినది చందమామ అను పిల్లల మాసపత్రిక. బి. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో మద్రాసు నుండి దీనిని ప్రారంభించునాటికి ఈ ప్రాంతము నిజాం ఏలుబడిలో నుండెను. బడులలో ఉర్దూ బోధనాభాష. తెలుగు చదువు ఇంటివద్దనో గ్రంథాలయమునందో సాగించుకొనవలసిన ఆ దినములలో తొలి సంచికలు ఇచటికి ఎన్ని చేరియుండును, చేరినవానిలో ఎన్ని మిగిలియుండును? అందుచేత ఈ సీమలో ఆ మొదటి సంవత్సరపు ప్రతి యొక్కటి బయటపడినను నేను దానిని నిధిగానే భావింతును.

1964 మార్చిలో ఇంద్రజాల్ కామిక్స్ ద్వారా ఫాంటమ్ అను కామిక్ వీరుడు మన దేశపు బాలురకు పరిచితుడగుటకు పదేండ్ల ముందే, దాసరి సుబ్రహ్మణ్యము గారి ‘తోకచుక్క’ చందమామలో ధారావాహికగా వెలువడి, మాంత్రికులను, రాక్షసులను, సాహసికులైన యువకులను నెలనెలా యింటికి తెచ్చినది. చిత్రకారులైన చిత్ర గారు ఆ కథలోని ఘోరారణ్యములకు రూపము కల్పించిరి. బేతాళకథలలో శవమును భుజమున వైచుకొని కత్తి చేతబట్టి నడచు విక్రమార్కుని శంకర్ గారి కుంచె ఎంత స్థిరముగా నిలిపినదనగా, మన పిల్లలకు మహావీరుడనగానే ఆ బొమ్మయే మనస్సున మెదలుచుండెను. వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రముల కొరకే సంచికలు కూర్చువారు నేటికిని కలరు. వారి యభిరుచిని నేను మెచ్చుకొందును.

అమెరికా సేకర్త తన పుస్తకమును నిపుణులచే పరీక్ష చేయించి, పదికి ఇన్ని మార్కులని వేయించి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేయించును. తెరచినచో ఆ మార్కులు చెల్లవు గనుక పుటలు తిప్పుటకు వెరచును. మనవారి మార్గము వేరు. ఏడాది సంచికలను కలిపి బైండు చేయించుకొనుట, వారపత్రికలలోని సీరియలు పుటలను విడదీసి కుట్టించుకొనుట మనకు అలవాటు. ఆ దేశపు కొలమానమున ఇది పుస్తకమును పాడుచేయుటయే. కాని చందమామ ధారావాహికలకు రచయిత పేరైనను అచ్చు వేయనందున, దాసరి వారిని ఎన్నో ఏండ్లు పాఠకులు ఎరుగరైరి. 2010లో ఆయన గతించిన తరువాత ఆ కథలు పుస్తకములుగా వచ్చినవన్నచో, పాత సంచికలను పదిలపరచినవారి పుణ్యమది. మూతవేసిన పెట్టెకంటె చదివి నలిగిన బైండుపుస్తకమునే నేను మిక్కిలి గౌరవింతును.

పాత సంచిక చేతికందినపుడు ముందుగా నడిమి పుటలు విప్పి చూడవలెను. అక్కడి పిన్నులు త్రుప్పుపట్టి, వాని చుట్టును కాగితము గోధుమరంగుకు తిరిగి, తాకినంతనే పొడియగుచుండును. చౌకకాగితపు కొయ్యగుజ్జులోని లిగ్నిన్ వెలుతురునకును గాలికిని చెడి ఆమ్లములను పుట్టించుటయు ఈ పెళుసుదనమునకు ఒక కారణము. పిమ్మట ఫోటో వ్యాఖ్యల పోటీ పుట యున్నదో లేదో, ప్రకటనల కూపనులను ఎవరైన కత్తిరించిరో పరికింపవలెను. ప్రకటనలను వ్యర్థములని తొలగింపరాదు. ఆనాడు ఏ బిస్కత్తు, ఏ సబ్బు, ఏ సిరా వాడిరో తెలుపునవి అవియే. అట్టలోపల పిల్లవాడు సిరాతో వ్రాసికొన్న పేరును, తరగతిని వేలములవారు లోపముగా ఎంతురు. నాకు మాత్రము ఆ పుస్తకము ఏ యింట మసలినదో చెప్పు సాక్ష్యమది.

చినిగినచోట సెలోటేపు అంటింపరాదు. కొన్నేండ్లకు దాని జిగురు కాగితములోనికి ఇంకి, అక్షరములపై చెరగని మరక యగును. లామినేషను చేయింపవలదు. చెదలును తేమయు సోకని బీరువాలో, గోడకు దూరముగా, తెల్లని నూలుగుడ్డలో చుట్టి, బరువు పడకుండ పరుండబెట్టవలెను. పాతకాగితములు కొనువాడు తక్కెడతో వాకిట నిలిచినపుడు, కట్ట వేయుటకు మునుపు ఒక్కొక్క పుస్తకమును విడదీసి చూడుడు. అట్ట ఊడిపోయినదానిని సైతము ప్రక్కన నుంచుడు, ఏలయన ఇంకొకని బైండులో లోపించిన పుట అందులో ఉండవచ్చును.