ఒడ్డున జనరేటర్... సముద్రంలో పడవకు వెలుగు
మకాంలో బ్యాటరీ నింపుకోవడంలో లెక్క తప్పితే ఖర్చు, జాగ్రత్త తప్పితే ప్రాణాపాయం

నాగాయలంక: కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట, మొగల దగ్గరి ఇసుక దిబ్బలపై వేటకాలంలో పాకలు వెలుస్తాయి. తాటాకులు, టార్పాలిన్ పట్టాలతో వేసుకున్న ఆ పాకల్లోనే మత్స్యకారులు రోజుల తరబడి మకాం ఉంటారు. బియ్యం, ఉప్పు, మంచినీళ్ల డ్రమ్ములతో పాటు ఇప్పుడు మరో సామాను కూడా పడవెక్కి మకాంకు చేరుతోంది. అదే చేత్తో మోసుకుపోయే చిన్న జనరేటర్.

దీని అవసరం ఊరికే రాలేదు. ఫైబర్ బోట్లలో చాలావాటి ఇంజన్లు హ్యాండిల్ తిప్పి స్టార్టు చేసేవే. ట్రాక్టరుకు, లారీకి ఉన్నట్టు నడుస్తూనే బ్యాటరీని నింపే డైనమో వాటికి ఉండదు. అయితే దారి చూపే జీపీఎస్, కబురు వినిపించే వీహెచ్‌ఎఫ్ సెట్టు, రాత్రిపూట దీపం... ఇవన్నీ 12 ఓల్టుల బ్యాటరీ పెట్టిన బిక్షే. దీపం లేని పడవ చీకట్లో పెద్ద మరపడవల కంటికి ఆనదు. ఆపదలో పిలిచేందుకు వీహెచ్‌ఎఫ్‌లో 16వ చానెల్ ఉంది. బ్యాటరీ పడుకుంటే ఆ పిలుపు వెళ్లదు, ఎవరి పిలుపూ వినబడదు. 1977 నవంబరు 19న ఉప్పెన వేలాది ప్రాణాలను మింగిన దివిసీమలో తుపాను కబురు విలువ ఒకరు చెప్పనక్కర్లేదు.

లెక్క తెలిస్తే ఆయిలు మిగులు

ఎనభై యాంపియర్ అవర్ బ్యాటరీ ఉందనుకుందాం. ఎల్‌ఈడీ దీపం, జీపీఎస్, వీహెచ్‌ఎఫ్ అన్నీ కలిసి గంటకు 2 యాంపియర్లు లాగితే పది గంటల రాత్రికి 20 ఖర్చవుతాయి. రెండు రాత్రులకు బ్యాటరీ సగానికి వస్తుంది. అక్కడ ఆగి నింపుకోవాలి. సగం కంటే కిందికి తరచూ దించితే బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోతుంది. మీటరు పెట్టి చూస్తే తెలిసిపోతుంది. వాడకం ఆపిన రెండు గంటల తర్వాత 12.6 ఓల్టులు దాటి ఉంటే నిండినట్టు, 12.2 ఉంటే సగం అయినట్టు.

బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు చొప్పున నింపడం క్షేమం. అంటే ఎనభై బ్యాటరీకి 8 యాంపియర్ల చార్జరు. సగం అయిన బ్యాటరీ ఐదారు గంటల్లో చాలావరకు నిండుతుంది. ఇంత పనికి చార్జరు లాగేది 200 వాట్ల లోపే. ఒక్క బ్యాటరీ కోసం ఒక కేవీఏ జనరేటర్ నడిపితే ఆయిలు వృథా. మకాంలో నాలుగు పడవలవారు కలిసి, ఎవరి బ్యాటరీకి వారు చార్జరు పెట్టుకుంటే ఖర్చు నాలుగు భాగాలవుతుంది.

కొన్ని జనరేటర్లకు 12 ఓల్టుల డీసీ సాకెట్ కూడా ఉంటుంది. తేలికని దానికి నేరుగా తగిలించి నిద్రపోరాదు. బ్యాటరీ నిండినా అది తనంతట తాను ఆగదు. నీరు మరిగి బ్యాటరీ పాడవుతుంది. నిండితే తగ్గించుకునే ఆటోమేటిక్ చార్జరే మేలు.

గాలి తిరిగితే ముప్పు

అసలు భయం పొగతోనే. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. వానొచ్చిందనో, దొంగలెత్తుకుపోతారనో జనరేటర్‌ను పాకలోకి లాగితే నిద్రలోనే ప్రాణాలు పోవచ్చు. తలుపు తీసి ఉన్నా నమ్మకూడదు. పాకకు కనీసం 20 అడుగుల దూరంలో, పొగ పాక మీదికి రాని వైపున పెట్టాలి.

ఇక్కడే సముద్రపుటొడ్డున ఒక చిక్కు ఉంది. పగలు గాలి సాధారణంగా సముద్రం నుంచి నేలకు వీస్తుంది. రాత్రయ్యాక నేల నుంచి సముద్రం వైపు తిరుగుతుంది. సాయంత్రం పొగ అవతలికి పోతోందని పెట్టిన జనరేటర్, అర్ధరాత్రికి అదే పొగను నిద్రపోతున్నవారి మీదికి పంపగలదు. అందుకే వేట నుంచి వచ్చి వలలు బాగుచేసుకునే పగటి వేళే బ్యాటరీలు నింపుకోవాలి. ఎవరికైనా తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వస్తే ఎండదెబ్బ అని సరిపెట్టుకోక వెంటనే ఆరుబయట గాలిలోకి తీసుకువచ్చి, ఆస్పత్రికి చేర్చాలి.

బ్యాటరీ దగ్గర బీడీ వద్దు

నిండుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. కాబట్టి బ్యాటరీని పడవ చెక్కల కింద ఉంచి నింపకుండా బయట గాలికి పెట్టాలి. క్లిప్పులు తగిలించేటప్పుడు, తీసేటప్పుడు చార్జరు ఆపి ఉంచాలి. నీరు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఉప్పునీరు పడితే విషవాయువు పుడుతుంది. వేడిగా ఉన్న జనరేటర్‌లో పెట్రోలు పోయరాదు. పెట్రోలు డబ్బా పొయ్యికి దూరంగా ఉండాలి.

వంద వాట్ల సోలార్ పలక కూడా తోడైతే జనరేటర్ పని తగ్గుతుంది. మొదట వేగంగా నిండే భాగాన్ని జనరేటర్‌తో, చివర నెమ్మదిగా నిండే భాగాన్ని ఎండతో పూర్తి చేసుకోవచ్చు. మబ్బు పట్టిన రోజుల్లో మాత్రం జనరేటరే దిక్కు. తుపాను కబుర్లు వచ్చేదీ ఆ రోజుల్లోనే.

జనరేటర్ అమ్మేవారు డబ్బు లెక్కపెట్టుకుని ఊరుకోకుండా ఈ నాలుగు జాగ్రత్తలూ చెప్పి పంపాలి. వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు పడవలు ఒడ్డునే ఉంటాయి. ఆ రోజుల్లో మత్స్యశాఖవారు రేవుల్లో ఒక్కపూట చేసి చూపినా ఎంతో మేలు. వేటకు పోయినవాడి కోసం ఇంట్లో దీపం పెట్టి ఎదురుచూసేవారుంటారు. వాడి పడవలోనూ దీపం ఆరకూడదు.