మూత్రపిండముల జబ్బు: ముందుగా తెలిసికొనుట ఎట్లు?



నడుము పైభాగమున, వెన్నెముకకు ఇరుప్రక్కల, పిడికిలంత మూత్రపిండములు రెండు కలవు. ఇవి రక్తమును వడగట్టి, మలినములను, మిగులు నీటిని, ఉప్పును మూత్రముగా పంపివేయును.

వీటి జబ్బు చెరువు పూడిక వంటిది. పూడిక ఏటేట పెరుగుచున్నను, నీరు చాలనినాడు గాని మనకు తెలియదు. అట్లే కాళ్ళవాపు, ఆయాసము, వాంతులు కనిపించుసరికి మూత్రపిండముల శక్తి చాలవరకు పోయియుండును. కావున నొప్పి లేదని నిశ్చింతగా ఉండరాదు.

మధుమేహము, రక్తపోటు ఇందుకు ముఖ్య కారణములు. అవి లేనివారికిని ఈ జబ్బు రావచ్చును. శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో ఎందరో రైతులు, కూలీలు దీని పాలబడిరి. అచ్చటి కారణము ఇంకను తేలలేదు. మధ్య అమెరికాలో చెరకు నరకు కూలీలకు వచ్చు ఇట్టి జబ్బుకు, ఎండలో నీరు చాలక చేయు కష్టము ఒక కారణమని పరిశోధకులు తలచుచున్నారు. చిత్తూరు, తిరుపతి జిల్లాల ఎండలలో పనిచేయు మీరు దీనిని గమనింపవలెను.

చేయవలసిన పనులు:

1. చేనికి నీళ్ళు తీసికొనిపోయి, దప్పిక కాకముందే త్రాగుచుండుడు. నడిమధ్యాహ్నము నీడను ఉండుడు. ఒంటికి వాపు ఉన్నవారు మాత్రము వైద్యుడు చెప్పిన కొలతనే త్రాగవలెను.

2. ఒళ్ళునొప్పులకు అంగడిలో నొప్పి బిళ్ళలు కొని తరచు మ్రింగరాదు.

3. మధుమేహము, రక్తపోటు గలవారు ఏటికొకసారి మూత్రములో ఆల్బుమిన్, రక్తములో క్రియాటినిన్ పరీక్ష చేయించుకొనవలెను. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో మూత్రపిండముల వైద్య విభాగము కలదు.

ఏండ్ల తరబడి క్షీణించిన శక్తి తిరిగి రాదు. ముందుగా కనుగొన్నచో మిగిలినదానిని చాలకాలము నిలుపుకొనవచ్చును.