చాయ్‌కి పరిమళం ఇంట్లోనే

ఇంటికి చుట్టం వస్తే మన ఇళ్ళలో ముందు నీళ్ళు, ఆ వెంటనే చాయ్. పొద్దున లేవగానే ఒకటి, పది గంటలకు ఒకటి, అసర్ తర్వాత ఒకటి. ఇలా లెక్కపెడితే రోజుకు నాలుగైదు కప్పులు తేలికగా అవుతాయి. ఇన్నిసార్లు తాగే వస్తువు గురించి మనం ఆలోచించేది మాత్రం చాలా తక్కువ. ఇప్పుడు చిక్కబళ్ళాపురం, బాగేపల్లి అంగళ్ళలో కూడా ఏలకుల టీ, అల్లం టీ, గులాబీ టీ, నిమ్మ టీ అంటూ ప్యాకెట్లు దొరుకుతున్నాయి. "హకీం సాబ్, ఇవి మంచివేనా?" అని అడిగేవారు ఎక్కువయ్యారు.

ప్యాకెట్ తిప్పి వెనుక చూడండి. అక్కడ దినుసు పేరు ఉంటే అందులో దినుసు ఉంది. ఫ్లేవర్ అన్న మాట ఒక్కటే ఉంటే అందులో వాసన మాత్రమే ఉంది. వాసన తప్పు కాదు గానీ, అల్లం వాసన వచ్చినంత మాత్రాన అల్లం గుణం రాదు. మన వంటింటి డబ్బాల్లో ఉన్న దినుసులతోనే అంతకన్నా మంచి చాయ్ కాచుకోవచ్చు. దానికి మూడు సంగతులు తెలిస్తే చాలు. నీళ్ళు ఎలాంటివి, ఏ దినుసును మరిగించాలి, ఏ దినుసును నానబెట్టాలి.

చాయ్, హకీములు

టీ అనేది ఒకే ఒక్క మొక్క ఆకు. నల్ల టీ అయినా, పచ్చ టీ అయినా ఆ మొక్కదే. ఆకును ఆరబెట్టే, పులియబెట్టే పద్ధతిలోనే తేడా. ఈ ఆకు సంగతి మన పెద్ద హకీములకు కొత్త కాదు. 973లో పుట్టి 1048 ప్రాంతంలో చనిపోయిన అల్‌బీరూనీ మందుల గురించి రాసిన కితాబుస్సైదనాలో చైనా వాళ్ళ చాయ్ ప్రస్తావన ఉంది. తర్వాతి కాలపు హకీములు దీన్ని గరం, ఖుష్క్ మిజాజ్ గలదిగా లెక్కించారు. అంటే వేడి చేసేది, పొడిబార్చేది. చాయ్ ఎక్కువైతే నోరు ఎండడం, నిద్ర పట్టకపోవడం, కడుపులో మంట మనకు తెలిసినవే.

తులసి, సోంపు, అల్లం ఒట్టి నీళ్ళలో కాచుకుని దాన్ని కూడా టీ అంటున్నాం. అందులో టీ ఆకు లేదు. యునానీలో దానికి వేరే పేర్లున్నాయి. మరిగించి తీసింది జోషాందా, వేడినీళ్ళలో నానబెట్టి తీసింది ఖేసాందా.

ముందు నీళ్ళ సంగతి

చాయ్‌లో నూటికి తొంభై పాళ్ళు పైగా నీళ్ళు, పాలే. మండికల్, పేరేసంద్ర, బాగేపల్లి, చింతామణి పల్లెల్లో మనకు ఏడాదంతా పారే ఏరు లేదు, ఎక్కువగా ఉన్నది బోరు నీళ్ళే. చాలా బోర్ల నీళ్ళలో సుద్ద ఎక్కువగా ఉంటుంది. అలాంటి నీళ్ళతో కాచిన చాయ్ నల్లబడుతుంది, మెరుపు ఉండదు, చల్లారేకొద్దీ పైన పలుచటి పొర కడుతుంది. ఏలకులు రెండు వేసినా, నాలుగు వేసినా వాసన పైకి రాదు. చాలామంది ఆకును తిడతారు గానీ, లోపం నీళ్ళలో ఉంటుంది.

రుచి పోతే పోయింది, అసలు ప్రమాదం ఫ్లోరైడ్‌ది. మన జిల్లాలో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న తాలూకాలలో బాగేపల్లి, చింతామణి ఉన్నాయి. తాగే నీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకోవచ్చని మన దేశపు ప్రమాణం. నీళ్ళు మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. లీటరు నీళ్ళను అర లీటరు అయ్యేదాకా కాగిస్తే ఆవిరై పోయేది నీళ్ళే, ఫ్లోరైడ్ అంతా గిన్నెలోనే మిగులుతుంది. కప్పుకు రెండింతలు అవుతుంది. పైగా టీ మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను పీల్చుకుని ఆకుల్లో దాచుకుంటుంది. ముదురు ఆకులో మరీ ఎక్కువ. నీళ్ళది, ఆకుది రెండూ కలిసి మన ఒంట్లో చేరతాయి.

మోకాళ్ళు, నడుము, మెడ బిగుసుకుపోయాయని వచ్చేవారి పళ్ళ మీద గోధుమరంగు చారలు కనిపిస్తే నేను ముందు నీళ్ళ గురించే అడుగుతాను. చాయ్ మరక పళ్ళ డాక్టరు శుభ్రం చేస్తే పోతుంది. ఫ్లోరైడ్ చార పంటి లోపలిది, అది రుద్దితే పోదు. దీనికి మాజూన్లు, నూనెలు ఎన్ని వాడినా నీళ్ళు మార్చకపోతే ఫలితం ఉండదు.

కాబట్టి తాగడానికి వాడే మంచి నీళ్ళనే చాయ్‌కీ వాడండి. "ఎలాగూ మరుగుతుంది కదా" అని చాయ్‌కి, అన్నానికి బోరు నీళ్ళు పోసే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. అది మానాలి. ఊళ్ళో సరిగ్గా నడిచే ఫిల్టరు నీళ్ళ ప్లాంటు ఉంటే ఆ నీళ్ళు, లేదా శుభ్రంగా పట్టిన వాననీళ్ళు మేలు. ఇంట్లో కొవ్వొత్తి ఆకారపు మామూలు ఫిల్టరు ఫ్లోరైడ్‌ను ఆపదు. మీ బోరు నీళ్ళు పరీక్ష చేయించమని గ్రామ పంచాయతీలో అడగండి.

జోషాందా దినుసులు, ఖేసాందా దినుసులు

ఇది గుర్తుంచుకుంటే సగం విద్య వచ్చినట్టే. గట్టిగా ఉండే వేరు, బెరడు, గింజ మరగాలి. మెత్తగా ఉండే పువ్వు, ఆకు మరగకూడదు. అల్లం, సొంటి, దాల్చినచెక్క, లవంగం, అతిమధురం గుణం లోపల దాగి ఉంటుంది, సెగ తగిలితేనే బయటికొస్తుంది. గులాబీ రేకులు, పుదీనా, తులసి, కుంకుమపువ్వు, ఏలకుల పరిమళం తేలికపాటి నూనెల్లో ఉంటుంది. మరిగిస్తే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది, కప్పులో మాత్రం ఏమీ మిగలదు.

నాలుగు కప్పులకు కొలత చెబుతాను. టీ ఆకు కప్పుకు ఒక చిన్న చెంచా, తలగొట్టి.

అల్లం చాయ్: మూడు కప్పుల నీళ్ళలో అర అంగుళం అల్లం దంచి వేసి, మూతపెట్టి సన్నని సెగ మీద ఐదు నిమిషాలు మరిగించండి. ఆకు వేసి ఒక పొంగు రాగానే దించి, మూతపెట్టి మూడు నిమిషాలు ఉంచండి. వడకట్టి, వేరుగా కాచిన ఒక కప్పు వేడి పాలు కలపండి. పచ్చి అల్లం నేరుగా పాలలో వేస్తే పాలు విరుగుతాయి. ముందు నీళ్ళలో బాగా మరిగితే విరిగే గుణం పోతుంది.

ఏలకుల చాయ్: రెండు ఏలకులు తొక్కతో సహా దంచి, ఆకు వేసి దించేటప్పుడు వేయండి. మూత తీయకుండా నాలుగు నిమిషాలు ఉంచండి.

పుదీనా సులైమానీ: పాలు వద్దు. ఆకు రెండు మూడు నిమిషాలు నానిన తర్వాత వడకట్టి, ఎనిమిది పుదీనా ఆకులు వేసి మూతపెట్టండి. కప్పులో పోశాక నిమ్మరసం పిండండి. నిమ్మరసం పడగానే రంగు తేలికపడి ఎర్రగా మెరుస్తుంది. నిమ్మను మరిగిస్తే చేదెక్కుతుంది.

గులాబీ ఖేసాందా: కప్పుకు ఒక చెంచా ఎండు రేకులు, అర చెంచా దంచిన సోంపు. పైన మరిగిన నీళ్ళు పోసి మూతపెట్టి ఐదు నిమిషాలు ఉంచండి. టీ ఆకు అక్కర్లేదు. రాత్రి నిద్రకు అడ్డం రాదు.

పచ్చ టీకి మరుగుతున్న నీళ్ళు పోయకండి. దించి రెండు మూడు నిమిషాలు ఆగి పోస్తే చేదు తగ్గుతుంది. కాశ్మీరు వాళ్ళు కహ్వా కాచేది పచ్చ టీతోనే, అందులో కుంకుమపువ్వు, ఏలకులు, బాదం వేస్తారు.

హైదరాబాద్ ఇరానీ చాయ్ గురించి అడగవచ్చు. అక్కడ ఆకును మూసిన పాత్రలో చాలాసేపు దమ్ మీద ఉంచుతారు, పాలను వేరుగా చిక్కబరుస్తారు. ఆ వగరును చిక్కటి పాలు, చక్కెర కప్పేస్తాయి. ఎప్పుడో ఒకసారికి బాగుంటుంది, రోజూ ఇంట్లో కాచే పద్ధతి కాదు.

రుచి చూడడం ఎలా?

మందు గుణం తెలుసుకునే మార్గాల్లో రుచి, వాసన కూడా ఉన్నాయని ఇబ్నెసీనా తన అల్‌ఖానూన్‌లో వివరించాడు. చాయ్‌కీ అదే వర్తిస్తుంది. టీ కంపెనీలు రుచి పోల్చడానికి 100 మిల్లీలీటర్ల నీళ్ళకు 2 గ్రాముల ఆకు, 6 నిమిషాలు అనే అంతర్జాతీయ కొలత ఒకటి ఉంది. అన్ని కప్పులకూ ఒకే కొలత ఉంటేనే తేడా తెలుస్తుంది.

ఇంట్లో ఇలా చేయండి. ఒకే గిన్నెలో చాయ్ కాచి, పాలు, చక్కెర లేకుండా నాలుగు కప్పుల్లో పోయండి. ఒకటి అలాగే వదలండి. మిగతా వాటిలో ఒక్కో దినుసు మాత్రమే వేసి మూతపెట్టండి. ఐదు నిమిషాల తర్వాత ముందు వాసన చూడండి, తర్వాత చెంచాతో జుర్రుతూ తాగండి. జుర్రితే గాలితో పాటు వాసన ముక్కుకు అందుతుంది. నాలుక పక్కన వగరు ఎంత, గొంతులో ఘాటు ఎంత, మింగాక ఏం మిగిలింది గమనించండి. పిల్లలకు వాసన చూపించి పేరు చెప్పమనండి, వాళ్ళు సంతోషంగా నేర్చుకుంటారు. ఇలా రెండుసార్లు చేస్తే చక్కెర ఎంత తక్కువ వేసినా సరిపోతుందో మీకే తెలుస్తుంది. చెంచా చక్కెర నాలుగైదు గ్రాములు. రెండేసి చెంచాల చొప్పున ఐదు కప్పులంటే 40, 50 గ్రాములు. రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. షుగర్ ఉన్నవారికి బెల్లం కూడా చక్కెర లాంటిదే.

ఎవరికి ఏది?

బల్గమీ మిజాజ్ వారికి, అంటే జలుబు, బరువు, మందకొడితనం ఉన్నవారికి అల్లం, లవంగం, దాల్చినచెక్క పడతాయి. సఫ్రావీ వారికి, అంటే కడుపులో మంట, నోటి పూత తరచూ వచ్చేవారికి గులాబీ, ధనియాలు మేలు. సొంటి, లవంగం తగ్గించాలి. పులితేన్పులు ఉన్నవారికి పుదీనా కూడా పడకపోవచ్చు. సౌదావీ వారు, నిద్ర పట్టనివారు ఆకు తగ్గించి, సాయంత్రం తర్వాత చాయ్ మానాలి.

అతిమధురం దగ్గుకు మంచిదే గానీ రక్తపోటు పెంచుతుంది. బీపీ ఉన్నవారు, గర్భిణులు వాడకూడదు. దాల్చినచెక్క అంగళ్ళలో దొరికేది ఎక్కువగా మందపాటి రకం, దాన్ని రోజూ ఎక్కువగా వాడితే కాలేయానికి మంచిది కాదు. నాలుగు కప్పులకు చిన్న ముక్క చాలు. రెండు వారాలు దాటిన దగ్గుకు ఏ జోషాందా మీదా ఆధారపడకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష ఉచితంగా చేస్తారు.

పువ్వులు, ఆకు కొనేటప్పుడు

మన జిల్లా గులాబీలకు పేరున్నది. కానీ మార్కెట్ గులాబీ దండలకు పెంచింది, దాని మీద పురుగుమందు కొడతారు. దాన్ని చాయ్‌లో వేయకండి. పెరట్లో మందు కొట్టకుండా పెంచిన నాటు గులాబీ రేకులను నీడలో ఆరబెట్టుకోండి.

టీ ఆకు వాసనను తొందరగా పట్టుకుంటుంది. చైనాలో మల్లె టీ తయారయ్యేది ఈ గుణంతోనే. ఇంట్లో గింజలు తీసిన ఏలకుల తొక్కలను టీ డబ్బాలో వేసి వారం ఉంచితే చాలు, పరిమళం దానంతట అదే వస్తుంది. అదే కారణంగా టీ డబ్బాను మసాలాలు, అత్తరు, అగరుబత్తీల దగ్గర పెట్టకూడదు.

రంగు కలిపిన టీ పొడిని కనిపెట్టాలంటే తెల్లటి ఫిల్టరు కాగితం మీద కొంచెం పొడి చల్లి, చల్లటి నీళ్ళ చుక్కలు వేయండి. పొడి కడిగేశాక కాగితం మీద ముదురు రంగు మరకలు మిగిలితే అది కల్తీ.

ఎప్పుడు తాగకూడదు?

చాయ్‌లోని వగరు భోజనంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. మన ఇళ్ళలో అందరికీ వడ్డించి, చివర్లో రెండు ముద్దలు తిని, ఆకలిని చాయ్‌తో చంపుకునేది కోడళ్ళు, తల్లులే. పరిమళం ఎంత బాగున్నా అన్నం తిన్న వెంటనే ఆ కప్పు వద్దు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ తాగవద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో కూడా ఉంది. ఐరన్ మాత్రలు, థైరాయిడ్ మాత్రలు చాయ్‌తో మింగకండి. రంజాన్‌లో ఇఫ్తార్ భోజనం మీదే చాయ్ తాగే బదులు తరావీహ్ తర్వాత ఒక గులాబీ ఖేసాందా తాగి చూడండి. చిన్నపిల్లలకు చాయ్ అలవాటు చేయకండి, ఆ గ్లాసులో పాలు పోయండి.

పెద్దలకు రోజుకు రెండు కప్పులు, మంచి నీళ్ళతో, మూతపెట్టి కాచినవి చాలు. ఈ వారం ముందుగా మీ ఇంటి బోరు నీళ్ళు పరీక్ష చేయించండి. ఆ తర్వాత ఏలకులు దంచండి.