గుర్రాల పోటీలో సేవ, ఇంట్లో అతిథులు



బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో రోజు రాత్రి స్వామివారు అశ్వవాహనం మీద ఊరేగుతారు. అది కాక పెళ్ళి ఊరేగింపులు, మలక్‌పేట రేసులు. గుర్రంతో మా పరిచయం అంతవరకే. అలాంటి మేము కొన్నేళ్ళుగా వెరిబీ పార్కులోని నేషనల్ ఈక్వెస్ట్రియన్ సెంటర్‌లోనూ, చుట్టుపక్కల పోనీ క్లబ్బుల్లోనూ వాలంటీర్లుగా పనిచేస్తున్నాం. టార్నీట్, పాయింట్ కుక్‌లలో ఉన్న మన ఇళ్ళకు ఆ మైదానం దగ్గరే. అయినా మనవాళ్ళు అక్కడ పెద్దగా కనబడరు. అందుకే ఈ నాలుగు మాటలు.

అక్కడ ఏం జరుగుతుంది?

ఈవెంటింగ్ అనే పోటీలో మూడు భాగాలుంటాయి. డ్రెస్సాజ్‌లో గుర్రం నడక, మలుపు, ఆగడం చూసి ఒక్కో కదలికకు 0 నుంచి 10 వరకు మార్కులు వేస్తారు. క్రాస్ కంట్రీలో పొలాల వెంట దుంగలు, కందకాలు, నీటి మడుగులు దాటాలి. షో జంపింగ్‌లో కర్ర పడితే 4 పెనాల్టీలు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఇంతియాజ్ అనీస్ భారత్ తరఫున ఈ ఆటలోనే పోటీపడ్డారు. అప్పుడే ఆస్ట్రేలియా జట్టు వరుసగా మూడో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచింది.

మన పని ఏమిటి?

సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, స్కోరింగ్ అప్పగిస్తారనుకున్నాం. చేతికి పెన్సిలిచ్చారు! డ్రెస్సాజ్ జడ్జి పక్కన కూర్చుని, ఆయన చెప్పిన మార్కు, మాట ఉన్నదున్నట్టు రాయాలి. దీన్ని పెన్సిలింగ్ అంటారు. క్రాస్ కంట్రీలో అయితే ఒక్కో అడ్డంకి దగ్గర ఒక మనిషి ఉండాలి. గుర్రం మొదటిసారి మొరాయిస్తే 20 పెనాల్టీలు, అక్కడే రెండోసారి మొరాయిస్తే 40. అది రాసుకోవాలి. ఎవరైనా పడితే వెంటనే రేడియోలో చెప్పాలి. అందుకే మనుషులు చాలకపోతే పోటీ మొదలే కాదు. గుర్రపు స్వారీ రావాల్సిన పని లేదు. ముందుగా అంతా నేర్పిస్తారు.

గుర్రం వెనక నిలబడకూడదు. దగ్గర్లో గొడుగు తెరవకూడదు. యజమానిని అడగకుండా తినడానికి ఏమీ పెట్టకూడదు. పిల్లల పోటీలకు వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ అడుగుతారు. విక్టోరియాలో వాలంటీర్లకు అది ఉచితం.

రాత్రి బసకు వచ్చేవారు

పల్లెల నుంచి వందల కిలోమీటర్లు వచ్చేవాళ్ళకు రెండు రాత్రుల బస కూడా పెద్ద ఖర్చే. మొదటిసారి హార్షమ్ వైపు నుంచి వచ్చిన తల్లీకూతుళ్ళకు మా ఇంట్లో గది ఇచ్చాం. అతిథి మర్యాద కదా అని పులిహోర, గారెలు, రెండు కూరలు, పాయసం చేసి రాత్రి తొమ్మిదింటికి వడ్డించాం. ఆ పిల్ల కంచం ముందే కునికిపాట్లు పడింది. తెల్లవారి ఐదింటికల్లా వాళ్ళు గుర్రానికి మేత వేయాలట. వాళ్ళకు ఆ రాత్రి కావలసింది విందు కాదు, నిద్ర అని మాకు అప్పుడు తెలిసింది.

ఇప్పుడు మేము పాటించేవి ఇవి:

ముందే ఫోన్ చేసి ఎంతమంది, ఏం తినరు, కుక్క వస్తుందా అని అడుగుతాం. మా ఇంట్లో శాకాహారమేనని, చెప్పులు బయటే విడవాలని చెప్పేస్తాం. స్పష్టంగా చెబితే ఎవరూ నొచ్చుకోలేదు.

గుర్రాన్ని తెచ్చే ట్రైలర్‌ను ఇక్కడ ఫ్లోట్ అంటారు. ఖాళీ ఫ్లోట్ ఇంటి ముందు పడుతుందో లేదో కొలిచి చెబుతాం.

బురద బూట్లకు గరాజ్‌లో పాత తువ్వాలు పరుస్తాం. వేడినీళ్ళ స్నానానికి మొదటి వంతు వాళ్ళదే.

భోజనం ఏడింటికల్లా ముగిస్తాం. తాళం చెవి రాత్రే ఇస్తాం. ఇడ్లీలు డబ్బాలో సర్ది ఉంచుతాం, కారం పొడి విడిగా.

పిల్లలు వస్తే తల్లో తండ్రో వెంట ఉండాలి. ఇది ఇరువైపులా మంచిది.

ఈ దేశానికి వచ్చిన కొత్తలో మనమంతా ఎవరో ఒకరి ఇంట్లో తలదాచుకున్నవాళ్ళమే. ఆ రుణం మనవాళ్ళకే కాదు, ఈ నేలవాళ్ళకూ తీర్చవచ్చు. గుడి గేటు దాటి మనం ఒక పూట సాయం చేస్తేనే ఇరుగుపొరుగు మనల్ని పేరుపెట్టి పిలుస్తారు.

వెళ్ళేటప్పుడు ఆ తల్లి మమ్మల్ని అడిగిందేమిటో తెలుసా? "మీ గుడి పండక్కి కార్ పార్కింగ్ దగ్గర మనుషులు కావాలా?" అని. దసరాకు మెరిసే చొక్కా వేసుకుని ఆవిడ మన గేటు దగ్గర నిలబడింది. వచ్చే శీతాకాలం పోటీకి మీలో ఒక్క కుటుంబమైనా మాతో రండి. ఉన్ని టోపీ, ఫ్లాస్కులో టీ మరవకండి.